వేలంపాటలో పాత పాట

మన భాషలో వేలానికి మరొక పేరు 'పాట'. చెరువులోని చేపలకైనా, మామిడితోట ఫలసాయానికైనా, సంత ఆశీలుకైనా నలుగురు కూడినచోట ధర పెంచుకుంటూ పోవడాన్ని 'పాట పాడడం' అంటాం. చివరకు నిలిచినవాణ్ణి హెచ్చుపాటదారు అంటాం. ఈ పలుకుబడి ఎలా పుట్టిందో గాని, పాత గ్రామఫోను రికార్డుల వేలానికి అతికినంత చక్కగా మరి దేనికీ అతకదు. అక్కడ పాట కోసమే పాట పాడతారు. ఆ పాట ఎంతవరకు పోగలదో, ఎందుకు పోతుందో, అందులో మన శ్రీకాకుళం, విజయనగరం సీమల వారికి ఏమి ప్రసక్తి కలదో వివరించడమే ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని.

2013వ సంవత్సరం సెప్టెంబరు మాసంలో అమెరికాలో ఒక రికార్డు వేలానికి వచ్చింది. పది అంగుళాల నల్లని పళ్లెం. 1930లో పారమౌంట్ అనే కంపెనీ అచ్చువేసినది. పాడినవాడు మిసిసిపీ రాష్ట్రానికి చెందిన టామీ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు. దాని సంఖ్య 12950. ఆ ఒక్క ప్లేటుకు పలికిన ధర 37,100 డాలర్లు. నాటి మారకపు విలువలో సుమారు 23 లక్షల రూపాయలు. రెండు వైపులా కలిపి విన్నా ఆరేడు నిమిషాలకు మించని గానం.

ఆ సంగీతం ఎటువంటిదో ముందు రెండు మాటలు చెప్పాలి. జాజ్ అనేది ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో అమెరికా దక్షిణ ప్రాంతంలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో, నల్లజాతి వాద్యకారుల నడుమ రూపుదిద్దుకున్న సంగీతం. బ్లూస్ అనేది దానికి అక్కవంటిది. పల్లెల్లో, పత్తిచేలల్లో పుట్టిన ఏకాంత గానం. టామీ జాన్సన్ పాడినది ఈ రెండవ రకం. మన కచేరీలో మనోధర్మానికి ఎంత స్థానం కలదో జాజ్‌లోనూ అంత కలదు. ఒకే వరుసను ఒకే వాద్యకారుడు నేడు వాయించినట్లు రేపు వాయించడు. అందువల్ల కాగితంపై వ్రాసిన స్వరలిపి ఈ సంగీతాన్ని పట్టలేదు. పట్టగలిగినది రికార్డు ఒక్కటే. న్యూ ఆర్లియన్స్ వారు తమ సంగీతానికి ఆద్యుడని చెప్పుకునే బడీ బోల్డెన్ 1931లో మరణించాడు. అతడు బాకా ఊదితే ఊరి ఆ చివరకు వినిపించేదని కథలు ఉన్నాయి. కథలే మిగిలాయి, వినడానికి అతని రికార్డు ఒక్కటీ లేదు. జాజ్ పేరుతో మొట్టమొదటి రికార్డు 1917లో వెలువడింది. వాయించినవారు తెల్లవారు.

పాతది కనుక విలువ అనుకోవడం పొరపాటు. ఇటలీ గాయకుడు కరూసో రికార్డులు నూరేళ్లు దాటినవి ఎన్నో నేడు నామమాత్రపు ధరకే దొరుకుతాయి. అవి ఆనాడే లక్షల సంఖ్యలో అమ్ముడుపోయాయి, ఇంటింటా ఉన్నాయి. కోరేవారు పదిమంది, ప్రతులు ఒకటో రెండో అయినప్పుడే పాట పైకి లేస్తుంది. మరి 1930 నాటి బ్లూస్ రికార్డుల ప్రతులు అంత తక్కువ ఎందుకు? ఆర్థిక మాంద్యం వల్ల. అమెరికాలో 1927లో పదికోట్లకు పైగా అమ్ముడుపోయిన రికార్డులు 1932 నాటికి అరవై లక్షలకు పడిపోయాయని లెక్క. ఆ కరువు కాలంలో నల్లజాతి కూలీలకు అమ్ముదామని అచ్చువేసిన ప్లేట్లు కొన్ని పదుల సంఖ్యలో మాత్రమే దుకాణం దాటి ఉండవచ్చు. కొన్నవారు వాటిని అరిగేదాకా వాయించారు.

పారమౌంట్ సంగతి వింటే మన విద్యార్థులకు నవ్వు రావచ్చు. అది సంగీతం కోసం పుట్టిన కంపెనీ కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు చేసే ఒక కర్మాగారం వారు గ్రామఫోను పెట్టెలు కూడా చేయసాగారు. పెట్టె కొన్నవారికి ప్లేట్లు కూడా కావాలి గదా అని 1917లో రికార్డుల వ్యాపారంలోకి దిగారు. తమ వద్ద పాడినవారు ఎవరో, వారి గొప్ప ఏమిటో యజమానులకు పట్టలేదు. వ్యాపారం మూతబడిన పిదప ప్లేట్లను అచ్చువేసే లోహపు మూసలు పాత ఇనుము లెక్కన తుక్కులోకి పోయాయి. విల్లీ బ్రౌన్ అనే గాయకుడు ఇదే కంపెనీకి పాడిన ఒక ప్లేటు ఎవరైనా తెచ్చి ఇస్తే 25,000 డాలర్లు ఇస్తానని అమెరికా వర్తకుడొకడు ప్రకటించాడు. ఆ ప్రకటన నాటికి దాని ప్రతి లోకంలో ఒక్కటి కూడా కనబడలేదు. ప్లేటు సంఖ్య తెలుసు, పాట పేరు తెలుసు; పాట తెలియదు.

ఇండియానా రాష్ట్రంలోని జెన్నెట్ కంపెనీ కథా ఇంచుమించు ఇదే; దాని యజమానులు పియానోలు చేసేవారు. రిచ్‌మండ్ పట్టణంలో వారి ధ్వనిముద్రణ శాల రైలుపట్టాల పక్కనే ఉండేది. బండి వచ్చినప్పుడల్లా పని ఆపవలసి వచ్చేది. 1923లో కింగ్ ఆలివర్ బృందం అక్కడే వాయించింది. అందులో రెండవ బాకా ఊదిన యువకుడే తరువాత లోకప్రసిద్ధుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆ సంవత్సరం వెలువడిన 5275 సంఖ్య గల ప్లేటుకు లోకంలో తెలిసిన ప్రతి ఒక్కటే.

1950 దశకంలో ఎల్పీ రికార్డులు వచ్చాక సేకర్తల చూపు మరింత సూక్ష్మమైంది. న్యూయార్కులో 1939లో స్థాపితమైన బ్లూ నోట్ కంపెనీ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ కంపెనీ కార్యాలయం మారినప్పుడల్లా లేబులు మీది చిరునామా మారింది. అందువల్ల చిరునామాను బట్టి ప్లేటు ఏ కాలంలో అచ్చయినదో చెప్పవచ్చు. పాట ముగిసినచోట మిగిలే నున్నని భాగంలో చెవి ఆకారపు చిన్న గుర్తు ఉంటే అది తొలినాటి అచ్చు కర్మాగారంలో చేసినది. హాంక్ మోబ్లీ అనే సాక్సఫోన్ విద్వాంసుని 1568 సంఖ్య గల ఎల్పీ, 1957 నాటిది, తొలి ముద్రణ అయి, మచ్చలేనిదైతే పదివేల డాలర్లు దాటి పలికింది. అదే సంగీతం, అదే ముఖచిత్రంతో పిమ్మట వచ్చిన ముద్రణ పుస్తకం ధరకు దొరుకుతుంది. ఇక్కడ కొనేది పాటను కాదు, వస్తువును. దీనిని మేము వెక్కిరించడం లేదు. తాళపత్రం కోసం తపించే పండితుడు కూడా అచ్చుపుస్తకం చేతిలో ఉండగానే తపిస్తాడు. అయితే ఒక్క మాట. ఈ వేలాల్లో ఎంత సొమ్ము పారినా పాడినవారి సంతతికి పైసా ముట్టదు. నాటి బ్లూస్ గాయకుల్లో పెక్కుమంది పాటకు ఇంత అని ఒకసారి పుచ్చుకుని ఇంటికి పోయినవారే.

ఈ ధరలు ఎలా పుట్టాయన్నది అసలు ప్రశ్న. కొరత ఒక్కటే చాలదు. కొరతను గుర్తించినవాడు ఉండాలి. 1930 దశకంలో అమెరికా యువకులు కొందరు నల్లజాతి పేటల్లో ఇంటింటికీ తిరిగి, పాత ప్లేట్లు ఉన్నాయా అని అడిగి కొద్ది సెంట్లకు కొన్నారు. కొని ఊరుకోలేదు. లేబులు మీది సంఖ్యను, దాని పక్కనే మైనంలో గీసినట్లు కనిపించే మాతృక సంఖ్యను, వాయించినవారి పేర్లను, తేదీని వ్రాసుకున్నారు. ఒకరి జాబితాను మరొకరు సరిచూశారు. 1936లో పారిస్ నగరంలో షార్ల్ దెలోనే ఈ విధమైన వివరాలతో ఏకంగా ఒక గ్రంథమే ప్రకటించాడు. పిమ్మట ఇంగ్లండులో బ్రయన్ రస్ట్ అనే ఆయన 1942 వరకు వచ్చిన జాజ్ రికార్డులన్నిటినీ పట్టికకెక్కించడానికి పూనుకున్నాడు. 1953 నుండి బ్రిటన్‌లో వింటేజ్ జాజ్ మార్ట్ అనే పత్రిక టపా ద్వారా వేలాలు నడిపింది: పట్టిక అచ్చవుతుంది, గడువులోగా ఉత్తరం ద్వారా పాట పంపాలి, హెచ్చుపాటదారుకు ప్లేటు చేరుతుంది. ప్లేటును చూడకుండా కొనాలి గనుక ఇంగ్లీషు అక్షరాలతో శ్రేణులు ఏర్పరచారు. 'ఇ' అంటే శ్రేష్ఠం, 'వి' అంటే అరిగినా బాగా వినవచ్చు, 'జి', 'ఎఫ్' అంటే గరగర నడుమ పాటను వెతుక్కోవాలి. ఒక శ్రేణి దిగితే ధర సగానికి సగం పడిపోవడం అరుదు కాదు.

అంటే ముందు జాబితా పుట్టింది. ధర దాని వెంట వచ్చింది. జాబితాకెక్కని ప్లేటు ఎంత అరుదైనదైనా తుక్కే.

ఇక మన వంతు. ఈ ప్లేట్లు దేనితో చేసినవో తెలిస్తే ఏటికొప్పాక లక్కబొమ్మలు ఎరిగిన ఈ ప్రాంతం వారికి ఆశ్చర్యం కలుగుతుంది. 78 చుట్ల రికార్డును గట్టిగా పట్టి ఉంచే బంధకద్రవ్యం లక్క. పలకరాతి పొడి, సున్నపురాతి పొడి, మసి, కొంచెం దూది పీచు కలిపి, లక్కతో ముద్దచేసి, వేడిమీద అచ్చులో నొక్కితే ప్లేటు తయారవుతుంది. ఆ లక్కకు లోకంలో ప్రధాన ఆకరం మన దేశమే. ఛోటానాగపూర్ అడవులలో కొమ్మల మీది పురుగు విసర్జించిన జిగురు కలకత్తా రేవు దాటి అమెరికా చేరి ఆర్మ్‌స్ట్రాంగ్ బాకాను మోసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలకు ఆటంకం కలిగి, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కపై గట్టి ఆంక్ష పెట్టింది. అప్పుడు కంపెనీలు పాత ప్లేట్లను ప్రజల వద్ద సేకరించి కరిగించి కొత్తవి చేశాయి. ఎన్ని అపురూపమైన ప్లేట్లు ఆ కొలిమిలో పడ్డాయో లెక్క లేదు.

మన దేశంలో ధ్వనిముద్రణ 1902 నవంబరులో కలకత్తాలో మొదలయింది. ఇంగ్లండు నుండి వచ్చిన గైస్‌బర్గ్ అనే నిపుణుని ఎదుట గౌహర్ జాన్ పాడింది. పాట చివర 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అని ఇంగ్లీషులో ప్రకటించింది. అది డాంబికం కాదు. మైనపు మూసలు జర్మనీలోని హానోవర్‌కు పోయి ప్లేట్లయి తిరిగి రావాలి. అక్కడివారికి పాడినదెవరో తెలియాలి గదా! ఉర్దూ అభిమానులైన మా పాఠకులకు ఈ తొలి తరం ఎంతో ఆసక్తి కలిగించగలదు. వాజిద్ అలీ షా వంశీకుడని పేరుగాంచిన ప్యారా సాహెబ్, అలహాబాదు జానకీబాయి వంటివారి గజళ్లు, ఠుమ్రీలు ఆ తొలి రికార్డులలోనే నిలిచాయి. 1908లో సియాల్‌దాలో, పిమ్మట 1928లో దమ్‌దమ్‌లో కర్మాగారం ఏర్పడ్డాక ప్లేట్లు కలకత్తాలోనే అచ్చయ్యాయి. కలకత్తా నుండి వాల్తేరు వచ్చే రైలుదారి చికాకోల్ రోడ్ మీదుగా, విజయనగరం మీదుగా సాగుతుంది.

ఆ కలకత్తాలోనే జాజ్ కూడా అచ్చయింది. షికాగో నుండి వచ్చిన నల్లజాతి పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ గ్రాండ్ హోటల్‌లో బృందం నడిపి, యుద్ధకాలంలో అక్కడ పెక్కు రికార్డులు ఇచ్చాడు. 1945లో కలరా సోకి ఆ నగరంలోనే కన్నుమూశాడు. అతని ప్లేట్లు పాశ్చాత్య సేకర్తలు వెదికేవి. ఇంతకన్న విచిత్రం బీటిల్స్ బృందానిది. 1960 దశకంలో పాశ్చాత్యులు 78 చుట్ల ప్లేటును పూర్తిగా వదిలేశారు. మన పల్లెల్లో కరెంటు లేని ఇళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులే ఉండడం చేత దమ్‌దమ్ కర్మాగారం బీటిల్స్ పాటలను సైతం 78 చుట్ల ప్లేట్లుగా అచ్చువేసింది. వాటిలో మంచి స్థితిలో ఉన్నవి నేడు విదేశీ వేలాల్లో వేల డాలర్లు పలికిన సందర్భాలు ఉన్నాయి. మన దారిద్ర్యం వారికి దుర్లభ వస్తువైంది!

మరి మన గాయకుల ప్లేట్లు? విజయనగరంలో 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. తరువాత ఆ పీఠం అలంకరించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం గ్రామఫోను ప్లేట్ల ద్వారా ఆంధ్రదేశం దాటి ప్రాకింది. ఆ కళాశాల విద్యార్థి ఘంటసాల. సాలూరు దగ్గరి శివరామపురంలో జన్మించిన సాలూరి రాజేశ్వరరావు గారు పసితనంలోనే, 1933-34 ప్రాంతంలో, హచ్చిన్స్ కంపెనీ వారి ప్లేట్లకు పాడారు, తరువాత ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి ఇచ్చిన లలితగీతాల రికార్డులు ఆనాటి ఇంటింటి పాటలు. ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు మాత్రమే పాడుతుంది గనుక, గంట సేపు రాగం విస్తరించే విద్వాంసులు ఆలాపనను నాలుగు సంగతులకు కుదించి కీర్తన ఎత్తుకోవలసి వచ్చేది. న్యూ ఆర్లియన్స్ వాద్యకారుడూ ఇదే కత్తెరకు తల ఒగ్గాడు. ఆ కుదింపులో వారు దేనిని వదిలారు, దేనిని వదలలేకపోయారు అన్నది వినడమే ఒక విద్య.

ఈ సీమ నుండి ఆ పనికి పూనుకున్నవారు లేకపోలేదు. చెముడు జమీందారీ కుటుంబానికి చెందిన వి.ఎ.కె. రంగారావు గారు మద్రాసులో నివసిస్తూ వేల కొద్దీ 78 చుట్ల రికార్డులు సేకరించి, వాటి చరిత్రను పత్రికలలో వ్రాస్తూ వచ్చారు. పాత తెలుగు పాట పాడినదెవరు, కట్టినదెవరు అనే వివాదం వస్తే ఆయన మాటను ప్రమాణంగా తీసుకునేవారు. కాని ఒక వ్యక్తి ఎంతని చేయగలడు? మేము అడిగి చూసిన ఇళ్లలో జవాబు తరచుగా ఒకటే: "ఉండేవండీ, పాతసామాన్ల వాడికి వేసేశాం." ఒక ఇంట ప్లేట్లను వేడినీట మెత్తబరచి అంచులు వంచి పూలతొట్లుగా చేసి ఉండడం చూశాము. పూలు బాగానే పూశాయి. లేబులు మాత్రం నానిపోయి, అది ఎవరి గానమో చదవడానికి వీలులేకపోయింది.

అమెరికా ధరలు చూసి మన ఇళ్ల అటకల మీద లక్షలు దాగి ఉన్నాయని విద్యార్థులు ఆశపడవద్దు. తెలుగు ప్లేటుకు అటువంటి పాట పాడేవారు లేరు. లేరు గనుకనే అవి పోతున్నాయి. జాజ్ ప్లేటును ధర కాపాడుతుంది. మన ప్లేటును ఎవరైనా పనిగట్టుకుని కాపాడితే తప్ప నిలవదు. ఈ కారణం చేతనే కళాశాల కమిటీ వారికి మా మనవి: కొనడానికి డబ్బు అడగడం లేదు, ఒక రిజిస్టరు అడుగుతున్నాము. సెలవులకు ఊళ్లకు పోయే మా విద్యార్థులు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, నరసన్నపేట, టెక్కలి, విజయనగరం కంటోన్మెంటు వీధుల్లో తమ బంధువుల ఇళ్లలో అడిగి, ప్లేటును యజమాని వద్దనే ఉంచి, వివరాలు మాత్రం వ్రాసుకుని రావాలి. కంపెనీ పేరు, లేబులు సంఖ్య, లేబులుకు చేరువగా ప్లేటు మీదనే ఉండే మాతృక సంఖ్య, పాడినవారు, పాట మొదటి మాట, భాష, స్థితి. ఉర్దూ లేబుళ్లను చదవగలవారు మన కళాశాలలో ఉన్నారు. తెలుగు లేబుళ్లను చదవగలవారూ ఉన్నారు. రెండు లిపులూ తెలిసినవారు ఒకే ప్రాంగణంలో ఉండడం ఈ పనికి చిన్న సౌకర్యం కాదు. సేకర్తలు సాధారణంగా తమకు చదవరాని లేబులును పక్కన పెట్టేస్తారు.

చట్టం కూడా అనుకూలంగానే ఉంది. మన దేశపు కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు అది వెలువడిన పిదప 60 సంవత్సరాలు నిలుస్తుంది. సాహిత్యానికి, బాణీకి వేరే గడువు కలదు; కర్త మరణానంతరం మరి 60 ఏళ్లు. కావున 1930, 1940 దశకాల ప్లేట్ల ధ్వనిని నకలు తీసి గ్రంథాలయంలో ఉంచదలచినప్పుడు పాట రచయిత ఎవరో విచారించుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు. ప్లేట్లను దొంతరగా పడుకోబెట్టరాదు, పుస్తకాల వలె నిలువుగా, ఒరగకుండా నిలపాలి. 78 చుట్ల ప్లేటును స్పిరిటుతో ఎన్నడూ తుడవరాదు. లక్క స్పిరిటులో కరుగుతుంది. మెత్తని పొడిబట్ట చాలు. మన సముద్రతీరపు తేమకు కాగితపు సంచులకు బూజు పడుతుంది, ఏటా సంచి మార్చాలి. పాత ఉక్కు ముల్లును రెండవసారి వాడితే అది గాడిని దున్నివేస్తుంది. అరుదైనదని తోచిన ప్లేటును కీ గ్రామఫోను మీద అసలు వాయించరాదు. తేలిక ముల్లు గల యంత్రం దొరికేదాకా వేచి ఉండడం మేలు. ప్లేటు రెండుగా విరిగినదైనా రిజిస్టరులో వ్రాయవలసినదే. ముక్కలు పోకుండా ఒకే సంచిలో ఉంచితే, వాటిని జోడించి, టక్కుటక్కుమనే చప్పుడును తరువాత తొలగించి పాటను తిరిగి వినగలిగే పద్ధతులు నేడు ఉన్నాయి.